పెళ్ళికూతురికి వేరే బ్రష్షులు

2022 వేసవి. కరోనా భయం పూర్తిగా పోలేదు గానీ, ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. నరసన్నపేటలో మెయిన్‌రోడ్డు నుంచి లోపలికి తిరిగే వీధిలో, బట్టల కొట్టు మేడమీద నా బ్యూటీపార్లర్. అప్పటికే చాలా ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేస్తున్నాను. ఆ వైశాఖంలో పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఇంకో ఊరు అన్నట్టుండేది నా పరిస్థితి.

ఈ పనిలో జనానికి కనిపించేవి రంగులు. మా కంటికి ఆనేవి బ్రష్షులు. ఒక మొహం మీద తిరిగిన బ్రష్షు కుచ్చులో ఆ మనిషి చెమట, జిడ్డు, చర్మం మీంచి రాలిన పొట్టు అన్నీ చేరతాయి. పైకి ఏమీ కనపడదు. గోరువెచ్చని నీళ్ళలో కాస్త బేబీ షాంపూ వేసి, కుచ్చు కిందికి వంచి కడగాలి. నీళ్ళు పైకెక్కితే ఫెర్రూల్‌లోకి పోతాయి. కుచ్చునీ కర్రనీ కలిపి పట్టుకునే లోహపు గొట్టాన్ని ఫెర్రూల్ అంటాం. అందులో తడి నిలిచిందంటే జిగురు వదులుతుంది, వాసన పట్టుకుంటుంది. కడిగాక పిండి, కుచ్చుని వేళ్ళతో సర్ది, బల్ల అంచున పడుకోబెట్టి ఆరనివ్వాలి. ఒక పూటలో ఆరవు. అందుకే ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళుంటే రెండు సెట్లు ఉండాల్సిందే. లేనివాళ్ళు స్ప్రే కొట్టి, తుడిచి, అదే బ్రష్షు ఇంకొకరికి వాడేస్తారు. ఆ స్ప్రే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సూది వేసే ముందు నర్సు తుడిచే స్పిరిట్ లాంటిది. కొంతవరకు పనికొస్తుంది. కుచ్చు లోపల పేరుకున్న క్రీముని మాత్రం అది తియ్యలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కోటబొమ్మాళి నుంచి సావిత్రమ్మగారు వచ్చారు. వరి పండించే కుటుంబం. కూతురు మౌనిక పెళ్ళికి మేకప్ మాట్లాడడానికి వచ్చారు. సాధారణంగా పెళ్ళికూతురు వస్తుంది, వెంట స్నేహితురాళ్ళు వస్తారు, నా ఫోన్లో ఫోటోలు చూసి గోల చేస్తారు. ఈవిడ ఒక్కరే వచ్చారు. ఫోటోలు చూడలేదు. కుర్చీలో కూర్చుంటూనే అడిగారు.

"అమ్మాయ్, పెళ్ళికూతుళ్ళకి రాసే బ్రష్షులు ఓపాలి సూపించు."

చూపించాను. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇవి ఎవలెవలికి వాడతావు?"

"ఒకరికి వాడాక కడగకుండా ఇంకొకరికి ముట్టించనండీ."

"అందరూ అలగే సెప్తారు. మా గుంటకి మట్టుకు కొత్తవి కొను. పేకట్టు మా ముందరే ఇప్పు. ఈ మాట ఇంకెవలి దగ్గరా అనకు."

గుంటంటే మా వైపు ఆడపిల్ల. సరేనన్నాను. "ట్రయల్‌కి అమ్మాయిని ఎప్పుడు పంపిస్తారు?" అని అడిగాను. ట్రయల్ అంటే పెళ్ళికి ముందు ఒకసారి మేకప్ వేసి చూసుకోవడం. ఏ రంగు నప్పుతుందో, ఏ క్రీము పడదో అప్పుడే తెలుస్తుంది. పెళ్ళికూతుళ్ళు దానికోసం ఎగబడతారు.

"అయ్యేటీ వద్దు. నేరుగా పెళ్ళినాడు వచ్చీ."

పోనీ ఒక ఫోటో అయినా పంపమన్నాను. సాయంత్రం ఫోన్‌కి వచ్చింది. ఫిల్టర్ వేసి మొహాన్ని పింగాణీ బొమ్మలా చేసిన ఫోటో, అదీ కుడి చెంపే కనపడేలా తిరిగి తీయించుకున్నది. ఎడమ చెంప కనపడదు. ఇందులో ఏదో ఉందని ఆ పూటే అనిపించింది. వద్దని చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను. మొహం మీద ఏముందో తెలియకుండా వెళ్ళడం నాకూ ప్రమాదమే. రేపు ఏ చిన్న దద్దురు వచ్చినా మేకప్ చేసినదాని మీదికే వస్తారు. కానీ ఒప్పుకున్నాక పెళ్ళి పనిని వదలడం ఇష్టంలేక ఊరుకున్నాను.

పగటి ముహూర్తం. కోటబొమ్మాళిలో కల్యాణమండపం. కింది గదిలో పెళ్ళికూతురు, మేడమీద ఆమదాలవలస నుంచి వచ్చిన మగపెళ్ళివారు. నేను వెళ్ళేసరికి గది కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. నా రింగ్‌లైట్ తియ్యబోతే సావిత్రమ్మగారు వద్దన్నారు.

"ట్యూబులైటు సాల్దేటి?"

"చాలదండీ. చర్మం సరిగ్గా కనపడాలి."

"ఏటంత కనపడనక్కర్లేదులే."

మౌనిక తలచుట్టూ చున్నీ కప్పుకుని కూర్చుంది. డిగ్రీ చదివిన పిల్ల, కళ్ళు చురుగ్గా ఉన్నాయి. నేను కొత్త సెట్టు ప్యాకెట్ చింపగానే తనే చెయ్యి చాపి బ్రష్షు అందుకుంది. కుచ్చుని బొటనవేలితో విడదీసి మొదళ్ళ దాకా చూసింది. తెల్ల టిష్యూ మీద రుద్దింది. టిష్యూని వెలుతురులో పెట్టి చూసి, అప్పుడు నాకిచ్చింది. ఒకటి కాదు, ప్రతి బ్రష్షూ అంతే. ఇన్నేళ్ళలో నా సామాను ఎవరూ అలా సోదా చెయ్యలేదు. నిజానికి కొత్త బ్రష్షునైనా ఒకసారి కడిగే వాడాలి. కానీ కళ్ళముందే విప్పాలని వాళ్ళమ్మగారి పట్టు. అందుకని స్పిరిట్ కొట్టి ఆరేదాకా ఆగాను. ఆ స్ప్రే సీసా మీది అక్షరాలు కూడా చదివింది ఆ పిల్ల.

చున్నీ తీసింది. ఎడమ దవడ మీద, చెవి కింద నుంచి గడ్డం దాకా, శనగగింజంత మచ్చలు గుంపుగా ఉన్నాయి. నల్లబడ్డాయి. ఒకటి రెండు చోట్ల సన్నగా పొట్టు లేస్తోంది.

నేను అడిగాను. "ఇవేంటమ్మా?"

మౌనిక నోరు విప్పేలోగా తల్లి అందుకున్నారు. "దోమలు కుట్టినాయి."

దోమ కుడితే అలా ఉండదని నాకు తెలుసు. పచ్చిపుండు ఉన్న చోట, చీము ఉన్న చోట మేకప్ ముట్టించకూడదని నేర్చుకున్నాను. దగ్గరగా వంగి చూశాను. అన్నీ మూసుకుపోయి ఎండిపోయి ఉన్నాయి. తడి లేదు, వాపు లేదు. సరే, చెయ్యచ్చు. అయినా అంటుకునేదేమో అన్న అనుమానం నన్ను వదల్లేదు. ఆ భాగానికి పారేసే స్పాంజి తీసుకున్నాను. ఆ పిల్ల అద్దంలో నా చేతినే చూస్తోంది. నేను ఆ మచ్చలనే చూస్తున్నాను. తనకి నా మీద నమ్మకం లేదు, నాకు తన మీద లేదు. మా ఇద్దరి మీదా సావిత్రమ్మగారికి లేదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

ఫౌండేషన్ పూర్తయింది. మచ్చలు కనపడకుండా కప్పగలిగాను. కళ్ళు మొదలుపెట్టేలోపు తలుపు తోసుకుని రాజ్యంగారు వచ్చారు. పెళ్ళికొడుకు సంతోష్‌కి పిన్ని, తల్లికి సొంత చెల్లెలు. తల్లి చిన్నప్పుడే పోతే ఈవిడే పెంచారట. వెంట ఆడపడుచు లావణ్య, అంటే సంతోష్ చెల్లెలు.

"మా పిల్లకీ కొంచెం రాసీ అమ్మా. పెళ్ళికూతురు పక్కన నిలబడాలి కదా."

పెళ్ళికూతురి బ్రష్షులు వాటి సంచిలోకి మడిచి పక్కన పెట్టాను. చేతులు కడుక్కుని వచ్చి, నేను కడిగి తెచ్చిన ఇంకో సెట్టు విప్పాను. రోజూ చేసేదే. రాజ్యంగారి కళ్ళు మాత్రం ఒక సంచి నుంచి ఇంకో సంచి మీదికి, అక్కడి నుంచి మూలనున్న ఖాళీ ప్యాకెట్ మీదికి వెళ్ళాయి.

"అదేటి? ఆ బ్రష్షులు మా పిల్లకి పనికిరావేటి?"

"ఒక్కొక్కరికి ఒక్కో సెట్టండీ. నా పద్ధతే అంత."

"మొన్న మా ఊళ్ళో పెళ్ళికి అందరికీ ఒకే బ్రష్షుతో రాసీసినారు. నువ్వేటి ఆ పిల్లకి కొత్తవి కొని, మా పిల్లకి ఏరేవి తీస్తన్నావు?"

నేను జవాబు చెప్పేలోపే సావిత్రమ్మగారు లేచి నిలబడ్డారు. "మేమే కొనిపించినాం ఒదినా. మా గుంటకి పడదు."

"ఏటి పడదు?"

"ఏటీ లేదు ఒదినా. ఊరికినే."

పడదన్న నోటితోనే ఏటీ లేదన్నారు. రాజ్యంగారు లావణ్య చెయ్యి పట్టుకుని, మేకప్ వద్దని లేవదీసి తీసుకుపోయారు. వెళ్తూ మౌనిక మొహం కేసి చూసిన చూపుని నేను అద్దంలో పట్టుకున్నాను. మౌనిక కూడా చూసింది.

కాసేపటికి నన్ను మేడమీదికి పిలిచారు. వరండా చివర రాజ్యంగారు, ఇద్దరు పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. కిందనుంచి సన్నాయి వినిపిస్తోంది.

"సూడమ్మా, నీతో నాకు ఇరోధం లేదు. నిజం సెప్పు. ఆ గుంట మొహానికి ఏటున్నాది? బొల్లా? తామరా?"

"అమ్మా, నేను డాక్టర్ని కాను."

ఆ మాట అన్నాక తెలిసింది ఎంత చెడ్డ మాట అన్నానో. నా వరకు అది నిజాయితీ. వాళ్ళకి అది ఒప్పుకోలు.

"లేదని సెప్పలేదు, సూశావా!" అంది ఒక పెద్దావిడ. "ఉన్నాది కాబట్టే కుంచెలు ఏరే పెట్టింది."

"అందరికీ వేరే పెడతానమ్మా."

"నీకు డబ్బులిచ్చి సెప్పించినారు," అన్నారు రాజ్యంగారు. గొంతు పెద్దది చెయ్యలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది. "తల్లి లేని గుంటడు. నా సేతుల మీద పెంచినాను. రేపు ఏటైనా అయితే, 'సొంత తల్లయితే సూసుకుండును' అని ఊరంతా నన్నే అంటాది. ఈ పందిట్లో తాళి కట్టక ముందే నాకు తెలియాల."

ఆవిడ చెడ్డది కాదని నాకు అర్థమైంది. అయినా ఏం చెప్పను? ఏమీ లేదంటే అబద్ధం. మచ్చలున్నాయంటే, అవేమిటో నాకే తెలియదు, ఒక పెళ్ళి ఆగిపోవచ్చు. మేకప్ కుర్చీలో కూర్చున్న మనిషి మొహం గురించి బయట మాట్లాడకూడదన్నది మా పనిలో రాయని నియమం.

"ఆ అమ్మాయి మొహం గురించి, ఆ అమ్మాయి లేకుండా నేను మాట్లాడనమ్మా. కిందికి రండి. ఆమెనే అడగండి. ఆమె ఎదురుగా నన్నేం అడిగినా చెప్తాను."

కిందికి వచ్చాం. రాజ్యంగారు తలుపు మూసి సూటిగానే అడిగారు. సావిత్రమ్మగారు నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నేనే పైకెళ్ళి అన్నీ చెప్పేశాననుకున్నారు.

"దోమలు కుట్టినాయి ఒదినా, అంతే..."

"అమ్మా, నువ్వూరుకో," అంది మౌనిక.

నా బల్లమీద ఉన్న దూది తీసుకుంది. క్లెన్సర్ సీసా తనే వంచుకుంది. నేను గంటసేపు కష్టపడి వేసిందంతా ఎడమ చెంప మీంచి తుడిచేసింది. కిటికీకి కట్టిన దుప్పటి లాగేసి, ఆ వెలుతురులో నిలబడింది.

"సూడండి పిన్నిగారూ. దగ్గరికి వచ్చి సూడండి. పట్టుకుని సూసినా పరవాలేదు."

రాజ్యంగారు చూశారు. పట్టుకోలేదు.

"ప్రీ వెడ్డింగ్ షూట్ అని సముద్రం ఒడ్డుకి ఎల్లినాం కదా. ఆ ఫోటోవాళ్ళు మేకప్‌కి ఒకతన్ని తెచ్చినారు. ఆ రోజు మాతో పాటు ఇంకో జంట ఉన్నారు. అందరికీ అదే బ్రష్షు, అదే స్పాంజి. స్పాంజి అప్పటికే తడిగా, వాసనొస్తా ఉన్నాది. నాను సెప్పలేకపోయాను. నాలుగు రోజులకి దవడంతా సీము పొక్కులు. శ్రీకాకుళంలో డాక్టరుకి సూపించుకున్నాం. వెంట్రుకల కుదుళ్ళలోకి సూక్ష్మజీవులు ఎల్లినాయన్నారు. మందులతో తగ్గిపోనాది. మచ్చలే మిగిలినాయి, అవి పోడానికి టైం పడతాదన్నారు. అందుకే బ్రష్షులు ఏరే అడిగినాం. నా వల్ల ఎవలికో అంటుకుంటాదని కాదు, ఎవలి వల్లా నాకు మళ్ళీ రాకూడదని."

"మరి ఆ మాట ముందే సెప్పడానికేటి?" అన్నారు రాజ్యంగారు. "దాస్తేనే కదా అనుమానం వస్తాది."

"సంతోష్‌కి తెలుసు."

"ఆడికి తెలుసా?"

నమ్మలేదు. లావణ్యని పంపి సంతోష్‌ని పిలిపించారు. ముహూర్తానికి ముందు పెళ్ళికూతుర్ని చూడకూడదు కాబట్టి అతన్ని లోపలికి రానివ్వలేదు. మూసిన తలుపుకి అవతల నిలబడ్డాడు. ఈవతల రాజ్యంగారు తలుపుకి చెవి ఆనించి, కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగారు.

"ఒరే సంతోషూ, ఈ పిల్ల మొహానికి ఏటైందో నీకు తెలుసా?"

"తెలుసు పిన్నీ."

"ఎలాగ తెలుసు? ఈ పిల్ల సెప్పిందా?"

"సెప్పనక్కర్లేదు పిన్నీ. అదే బ్రష్షుతో ఆ రోజు నాకూ పూసినాడు. నాకూ వచ్చినాయి."

రాజ్యంగారు తలుపు గడియ మీద చెయ్యి వేశారు.

"నీకు ఏటొచ్చినాయిరా? మాకు అగుపడలేదు."

"గెడ్డంలో ఉన్నాయి. అందుకే గెడ్డం తియ్యలేదు. నిన్నటి నుంచి తియ్యమని నువ్వు తిడతానే ఉన్నావు కదా."

పెళ్ళికొడుకు గడ్డం గీసుకోనన్నాడని మేడమీద ముందురోజు నుంచి గొడవ నడుస్తోందట. ఫ్యాషన్ అనుకున్నారట అందరూ. ఏ గదిలోనూ ఏ కిటికీకీ దుప్పటి కట్టకుండా, ఆ కుర్రాడు అదే మచ్చలతో వచ్చినవాళ్ళందరి మధ్యా తిరుగుతున్నాడు. అతని మొహాన్ని ఎవరూ వెలుతురులోకి తిప్పి చూడలేదు.

రాజ్యంగారు తలుపు తెరుచుకుని బయటికి వెళ్ళారు. మాటలు సగం సగం వినపడ్డాయి. "ఏదీ, ఇటు తిరుగు... ఇక్కడా?" అని ఆవిడ, "ఒగ్గీ పిన్నీ, అందరూ సూస్తన్నారు" అని అతను. తిరిగి వచ్చేసరికి ఆవిడ మొహం ఎర్రగా ఉంది. క్షమించమని ఎవర్నీ అడగలేదు. మౌనిక ఎదురుగా నిలబడి, ఆ పిల్ల భుజం మీద చీర మడత సరిచేశారు.

"నన్ను ఇంత మాట అనిపించీసినారు మీరిద్దరూ," అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "ఏటి సూస్తావు? బేగి రాయమ్మా. ముహూర్తం దగ్గరకొచ్చీసింది. ఆ పెద్ద లైటు ఎయ్యి."

రింగ్‌లైట్ వేశాను. తుడిచేసిన చెంప మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మౌనిక బ్రష్షు అడిగి చూడలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారితే, ఐషాడో వెయ్యడానికి అవి ఆగేదాకా నేనూ ఆగాను. రాజ్యంగారు మాత్రం నా వెనకే నిలబడి ప్రతి బ్రష్షూ ఏ సంచిలోంచి వస్తోందో, ఏ సంచిలోకి పోతోందో చూస్తూనే ఉన్నారు. లావణ్య వంతు వచ్చాక అడిగారు.

"ఇవి కడిగినవేనా?"

"కడిగి, ఆరబెట్టి తెచ్చాను. వాసన చూడండి."

చూశారు. "సరే, రాయి."

పెళ్ళి సమయానికే జరిగింది. జీలకర్రబెల్లం పెట్టుకుని తెర తియ్యగానే వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఎందుకో అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి తెలియదు.

నేను సామాను సర్దుకుంటుంటే సావిత్రమ్మగారు వచ్చారు. ఒక మాట మంచిగా అంటారేమో అనుకున్నాను.

"ఆ ఖాళీ పేకట్టు నువ్వు దాసుంటే ఆవిడకి తెలిసేదేటి? మేడమీద ఏటి సెప్పినావో దేవుడికే తెలుసు."

ఏమీ చెప్పలేదన్నాను. మౌనిక కూడా చెప్పిందట. ఆవిడ నమ్మలేదు. ఆ తర్వాత వాళ్ళ బంధువుల్లో పెళ్ళిళ్ళు జరిగాయి. నరసన్నపేట దాటుకుని శ్రీకాకుళం నుంచి వేరేవాళ్ళని పిలిపించుకున్నారు. ఒకసారి బజార్లో ఎదురైతే చీర కొంగు సర్దుకుంటూ అటు తిరిగిపోయారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. కూతురి మొహం గురించి నలుగురూ నాలుగు మాటలు అంటారని భయపడ్డ తల్లి. ఆ భయం ఎవరో ఒకరి మీద పెట్టుకోవాలి కదా.

ఆ పెళ్ళి నా పని పద్ధతిని మార్చింది. ఒక్కరి కోసం చాటుగా జాగ్రత్త పడితే, ఆ ఒక్కరిలో ఏదో లోపం ఉందని లోకం అనుకుంటుంది. కాబట్టి ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా సంచులన్నీ అందరూ తిరిగే చోటే బల్లమీద పరుస్తాను. ఏది ఎవరిదో అడగక ముందే పైకి చెప్పేస్తాను. సాయంత్రం పెళ్ళి ఉండి, పొద్దున వాడినవి అక్కడే కడగాల్సి వస్తే, వరండాలో తువ్వాలు మీద వరసగా ఆరేస్తాను. "ఏటమ్మా, ఎండుసేపలా?" అని నవ్వుతారు. నవ్వనీ. నవ్వేవాళ్ళు అనుమానపడరు. ట్రయల్‌కి రాని పెళ్ళికూతురి పని ఒప్పుకోను. వచ్చినప్పుడు తల్లిని కాసేపు బయట కూర్చోమని, ఆ పిల్లనే అడుగుతాను, నీ మొహం గురించి ఎవరైనా నన్నడిగితే ఏం చెప్పమంటావని. 'నేను డాక్టర్ని కాను' అని మాత్రం ఎవరితోనూ అనను.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. మొన్నీమధ్య ఆమదాలవలసలో ఒక పెళ్ళికి వెళ్ళి సంచులు పరుస్తుంటే, ఒక ముసలావిడ వేలుపెట్టి చూపించి అడిగింది.

"ఇది ఎవలికి?"

"పెళ్ళికొడుక్కి అమ్మా."

"మగోడికి కూడా ఏరే కుంచేటి?"

"అవునమ్మా. అతన్నే ముందు పిలవండి. వెలుతురు బాగుండగా ముందు అతని మొహం చూస్తాను."